ఐజాక్ కట్టే పట్టీ

నవంబర్ 4, మంగళవారం

ఐజాక్ ఈ ఉదయం ఆరుంపావుకి లాలాగూడలో తన ఇంట్లో చనిపోయాడు. గుండెపోటు. యాభై ఐదేళ్ళు. అతని భార్య హదస్సా ఫోన్ చేసి, "అన్నా, మీ తమ్మునికి మెల్లగ చెప్పుండ్రి" అంది. తన సంగతి ఏమీ చెప్పలేదు.

మెల్లగానే చెప్పాను. దుర్గేష్ విన్నాడు. పళ్ళెంలో ఇడ్లీ ముక్కని అటూ ఇటూ జరిపాడు. "అయితే ఆదివారం వస్తడు" అన్నాడు.

ఇది దుర్గేష్‌ని చూసే డాక్టర్ రాయమన్న పుస్తకం. వాడు ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఏం మరిచిపోయాడు, రోజూ రాసిపెడితే మందులు మార్చడానికి పనికొస్తుందన్నారు. ఆగస్టులో కొన్నాను. ఇవాళ మొదటి పేజీ.

తిన్నాడు. పడుకున్నాడు. ఐజాక్ చనిపోయాడన్న సంగతి మధ్యాహ్నానికి మరిచిపోయాడు. సాయంత్రం మళ్ళీ చెప్పాను. మళ్ళీ మొదటిసారి విన్నట్టే విన్నాడు.

నవంబర్ 5, బుధవారం

ఖననం అయింది. తమ్ముణ్ణి తీసుకెళ్ళొద్దని నా భార్య శ్రీలలిత అంది. తీసుకెళ్ళాను.

ఐజాక్‌కి కోటు వేశారు. చేతులకి తెల్లటి గుడ్డ గ్లౌజులు తొడిగారు. వాళ్ళలో అదొక పద్ధతి. దుర్గేష్ పెట్టె పక్కన నిలబడి చాలాసేపు ఆ చేతులనే చూశాడు. "పట్టీలు కట్టకుండ గ్లౌజులేసిండ్రేందన్నా" అని అడిగాడు, అందరికీ వినపడేలా. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. తర్వాత వాడు వంగి ఐజాక్ కుడిచేతిని అందుకున్నాడు. వేళ్ళ మొదళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కి, "నొప్పి తగ్గిందారా" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఐజాక్ అల్వాల్‌లో మా ఇంటికి వచ్చేవాడు. గేటు గడియని మూడుసార్లు కొట్టేవాడు, బాక్సింగ్ రింగులో గంట కొట్టినట్టు. డాబా మీద తమ్ముడి చేతులకి పట్టీలు కట్టేవాడు, బాక్సర్లు గ్లౌజుల కింద కట్టుకునే పొడుగాటి గుడ్డ పట్టీలు. ఇద్దరూ నీళ్ళలో నడుస్తున్నంత నెమ్మదిగా కాసేపు ఆడేవాళ్ళు. ఐజాక్ ప్రతివారం ఓడిపోయేవాడు. పట్టీలు విప్పాక తమ్ముడు అతని చెయ్యి పట్టుకుని అదే అడిగేవాడు. "ఎప్పుడో పోయిందిరా" అని ఐజాక్ జవాబు.

రింగులో దెబ్బలు తిని పాడైంది తమ్ముడి తల. నొప్పి తగ్గిందా అని అడగవలసినవాడు ఐజాక్. దుర్గేష్‌కి మనుషులు తారుమారవుతారు, శ్రీలలితని ఒక్కోసారి అమ్మా అని పిలుస్తాడు. అందుకే నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఇవాళ జవాబు రాలేదు. కాబట్టి చెయ్యి వదల్లేదు. చివరికి హదస్సా వచ్చి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

నవంబర్ 6, గురువారం

రిటైరైనా వారంలో మూడు రోజులు పత్రిక ఆఫీసుకి వెళ్తున్నాను. స్పోర్ట్స్ పేజీ ఇప్పుడు యోగిత చూస్తోంది. ఇరవై మూడో తేదీ ఆదివారం ఒక పూర్తి పేజీ వేద్దామంది: జంటనగరాల్లో ఇప్పటివరకు అందరికన్నా గొప్ప బాక్సర్ ఐజాకేనా? నన్ను రాయమంది.

నా తమ్ముడు అతనితో ఆడాడు, నేను రాయకూడదు అన్నాను. ఐజాక్ ఆటలన్నీ చూసినవాళ్ళు మీరొక్కరే మిగిలారు సార్, తమ్ముడి సంగతి కింద ఒక లైన్ వేద్దాం అంది. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇంకా తేల్చుకోలేదు.

నేను చూసినవి చెప్పాను. ఎదుటివాడి భుజం కదిలేలోపే ఐజాక్ తల అక్కడ ఉండేది కాదు. వెనక్కి తగ్గుతూ కుడిచెయ్యి వేసేవాడు. ఆ దెబ్బకి ముందుకొస్తున్నవాడు కూర్చుండిపోయేవాడు. వెనక్కి నడుస్తూ అంత బరువుగా కొట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

యోగిత అంతా విని, "టాలెంట్ మీరు చూసిండ్రు సార్, నేను చూడలే. నాకు దొరికేది ఒకటే, రికార్డు. ఎవరితోని ఆడిండు?" అంది.

మంచి ప్రశ్న. రైల్వే కుర్రాళ్ళు, కంటోన్మెంట్ సిపాయిలు, బస్తీ క్లబ్బులవాళ్ళు. 1994లో జాతీయ జట్టు సెలెక్షన్‌కి పిలుపొచ్చింది. వెళ్ళలేదు. పెద్ద బాక్సర్లు అతని ఎదుట ఒక్కరూ నిలబడలేదు, అతనే వాళ్ళ ఎదుటికి వెళ్ళలేదు కాబట్టి. భయపడ్డాడని అప్పట్లో అన్నారు. అతను ఖండించలేదు.

"ఊకె ఎవరినో ఒకరిని కొట్టినోడు ఆల్‌టైమ్ గ్రేట్ ఎట్లయితడు సార్" అంది యోగిత. అన్నాక నా మొహం చూసి, "మీ తమ్ముని గురించి కాదు" అంది.

దుర్గేష్ ఐజాక్‌తో మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ ఓడాడు. కాబట్టి వాడి గురించే.

నవంబర్ 7, శుక్రవారం

తిన్నాడు. పడుకున్నాడు. పేజీ పని ముట్టుకోలేదు.

నవంబర్ 9, ఆదివారం

దుర్గేష్ స్నానం చేసి, తల దువ్వుకుని, పట్టీలు ఒళ్ళో పెట్టుకుని డాబా మీద కూర్చున్నాడు. ఐజాక్ ఇక రాడని ఎన్నిసార్లు చెప్పినా విన్నాడు, తల ఊపాడు, కూర్చునే ఉన్నాడు.

పదకొండు దాటాక గేటు గడియ మూడుసార్లు మోగింది. వాడు లేచాడు. నేనూ లేచాను. కిందికి చూస్తే ఎవరూ లేరు. గాలి లేదు. వంటింట్లో ఉన్న శ్రీలలిత తనకేమీ వినపడలేదంది. విన్నవాళ్ళం ఇద్దరం, అందులో ఒకరి మాట నమ్మడానికి లేదు. అంటే మిగిలింది ఒక్క సాక్షి. అది నేను. ఒక్క సాక్షి మాట మీద నేను వార్త రాయను.

పట్టీ నేనే కట్టాను. ముప్పై ఏళ్ళు రింగు పక్కన కూర్చున్నవాణ్ణి, మణికట్టు నుంచి మొదలెట్టి వేళ్ళ మధ్యగా తిప్పాలని తెలుసు. కట్టడం అయ్యాక దుర్గేష్ పిడికిలి మూశాడు, తెరిచాడు, విప్పేశాడు. "ఇది వాని కట్టు కాదన్నా." మళ్ళీ కట్టాను. మళ్ళీ విప్పేశాడు. కోపం లేదు. ఆ గుడ్డని చక్కగా చుట్టి నా చేతికిచ్చాడు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. రాత్రీ తినలేదు.

నవంబర్ 11, మంగళవారం

రెండు రోజులుగా సరిగా తినడం లేదు. పాలు మాత్రం తాగుతున్నాడు, అదీ వదిన గ్లాసు పట్టుకుంటే.

యోగిత లైబ్రరీలోంచి, ఐజాక్, దుర్గేష్ తలపడ్డ 1994 ఫైనల్ రిపోర్టు తీయించింది. అది నేను రాసిందే. "రెండో రౌండ్ సమానంగా సాగింది. మూడో రౌండ్‌లో ఐజాక్ కుడిచేతిని దాదాపు వాడలేదు. అలసినట్టు కనిపించాడు. పాయింట్లపై గెలిచాడు."

దుర్గేష్‌కి జీవితంలో మిగిలింది ఆ మూడో రౌండే. ఆ ఏడాది ఐజాక్ ఎదుట చివరి గంట దాకా నిలబడ్డది వాడొక్కడు. తినడం మరిచిపోతాడు, అమ్మ పోయిన సంగతి మరిచిపోతాడు, ఇది మరిచిపోడు. సిలిండర్ తెచ్చేవాళ్ళకి కూడా చెప్తాడు. "ఐజాక్ నన్ను పడగొట్టలే. ఆఖరి గంట నిలబడి విన్న."

యోగిత ఆ రిపోర్టుని రెండుసార్లు చదివింది. "అలసిపోలేదు సార్ ఈయన. కుడిచెయ్యి కావాలనే ఆపిండు. దోస్తు గదా, పడగొట్టలేక వదిలేసిండు. గిట్ల ఆట మధ్యల దయ చూపగలిగిండంటే, మీ టాలెంట్ వాదనకే బలం." తన వాదన తనే మార్చుకుంది. సంతోషంగా ఉంది, మంచి శీర్షిక దొరికిన సంతోషం.

నేను ఇంటికొస్తూ రైల్లో లెక్క చూసుకున్నాను. ఐజాక్ ఆడింది అనామకులతో అని రాస్తే నా తమ్ముడు అనామకుడు. ఐజాక్ అందరికన్నా గొప్పవాడు, దయతో చెయ్యి ఆపాడు అని రాస్తే ఆ చివరి గంట వాడిది కాదు, ఐజాక్ ఇచ్చిన దానం. ఆదివారం పేపర్ శ్రీలలిత వాడికి చదివి వినిపిస్తుంది. రోజూ చదువుతుంది.

ఏ వాదన గెలిచినా ఓడేది వాడే.

ఇందులో నా ఇష్టాయిష్టాలు లేవు. వాస్తవం ఏదైతే అదే రాస్తాను.

నవంబర్ 13, గురువారం

గేటు గడియకి నూనె వేశాను, మోగకుండా. సాయంత్రం గుడ్డతో తుడిచేశాను.

నవంబర్ 15, శనివారం

బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. పట్టీ కట్టడం నేర్చుకుందామని వెళ్ళాను, పేజీ కోసం కాదు.

సోమయ్య ఉస్తాద్ ఐజాక్‌కీ దుర్గేష్‌కీ ఇద్దరికీ గురువు. ఎనభై దాటాయి. మెట్లబావి దగ్గర జనం ఫొటోలు తీసుకుంటుంటే, ఆ సందులో ఇంటి ముందు కుర్చీ వేసుకుని వాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి, "ఏం రాజూ, పేపరోళ్ళకు మనుషులు సచ్చినంకనే యాదికొస్తరు" అన్నాడు. ఖననానికి రాలేకపోయాడట, కాళ్ళు సహకరించలేదు. ఎవరెవరు వచ్చారని ఒక్కొక్కరినీ అడిగాడు. రానివాళ్ళని తిట్టాడు.

వచ్చిన పని చెప్పాను. ఐజాక్ కట్టే కట్టు నాకు నేర్పమన్నాను, ఆదివారం నుంచి దుర్గేష్ అన్నం ముట్టడం లేదన్నాను.

"అది నా కట్టు కాదు. నేను నేర్పలే. వాడే కనిపెట్టుకున్నడు, చెయ్యి ఇరిగినంక."

ఎవరి చెయ్యి అని అడిగాను.

ఉస్తాద్ బావి వైపు చూశాడు. "ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇగ వాడే లేడు, ఒట్టు ఎవనిది" అని మొదలెట్టాడు. ఆ ఫైనల్లో, రెండో రౌండ్లో, ఐజాక్ కుడిచెయ్యి దుర్గేష్ నెత్తి మీద పడింది. ఆ రోజుల్లో క్లబ్బుకి ఉన్న హెడ్‌గార్డుల్లో దూది పేరుకే ఉండేది. చెయ్యి విరిగింది. విరామంలో ఉస్తాద్ గ్లౌజు విప్పబోతే ఐజాక్ విప్పనివ్వలేదు.

"ఇప్పితే మళ్ల పట్టదు ఉస్తాద్ అన్నడు. వాపొచ్చింది గదా. మూడో రౌండు ఎడమచేత్తోనే ఆడిండు. నువ్వేమో అలిసిపోయిండని రాసినవు."

ఎముక వంకరగా అతుక్కుంది. సెలెక్షన్ ఆ మరుసటి నెల. ఆ తర్వాత ఐజాక్ రింగెక్కలేదు. సెలెక్షన్‌కి భయపడ్డాడని జనం అంటే అననిచ్చాడు.

యోగిత అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఎవరితో ఆడాడు? తన ఆటని ఆపేసినవాడితో ఆడాడు. వాడు రోజూ నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ ముక్క జరుపుతాడు.

ఇది ఒక్క సాక్షి. ఎనభై ఏళ్ళు దాటిన జ్ఞాపకం. రెండో సాక్షి కావాలి.

ఇంకొక మాట. ఐజాక్ చెయ్యి విరిగిన దెబ్బా, తమ్ముడి తలకి తగిలిన దెబ్బా ఒకటే దెబ్బ. తమ్ముడి తల పాడైంది ఏ ఒక్క దెబ్బ వల్లో కాదు, ఏళ్ళ తరబడి తిన్నవాటి వల్ల అని డాక్టర్ ఎప్పుడో చెప్పారు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎందుకంటే దీనికి విరుద్ధమైన మాట రాయాలనిపిస్తోంది.

నవంబర్ 16, ఆదివారం

మళ్ళీ స్నానం, దువ్వెన, ఒళ్ళో పట్టీలు. శ్రీలలిత ఉప్మా పైకి తెచ్చింది. "ఆడినంక తింట వదినా" అన్నాడు. అది చల్లారిపోయింది.

నేను పక్కన కూర్చున్నాను. గడియ మోగలేదు. మోగుతుందేమోనని విన్నాను, ఆ సంగతి కూడా రాయాలి.

సాక్షిని నడిపించే ప్రశ్న వేయకూడదు. నా పనిలో మొదటి పాఠం అది. అందుకని, "ఐజాక్‌కి నొప్పి ఎక్కడరా?" అని మాత్రం అడిగాను.

"చెయ్యి" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "నా నెత్తి మీద ఇరిగింది గదా."

నీకెలా తెలుసు అన్నాను.

"సప్పుడు విన్న. లోపటికెళ్ళి వినొచ్చింది." తన తల మీద చెయ్యి పెట్టి చూపించాడు. "ఎవ్వరికి చెప్పొద్దన్నడు. నీకు సుత. నువ్వు పేపర్ల ఏస్తవని."

ఇన్నేళ్ళ ఆదివారాలు నేను ఆ డాబా మీదే, పక్క కుర్చీలో, పేపర్ చదువుకుంటూ కూర్చున్నాను. ప్రశ్న విన్నాను. జవాబు విన్నాను. తారుమారైంది వాడికి కాదు.

నవంబర్ 18, మంగళవారం

లాలాగూడ వెళ్ళాను. హదస్సా టీ పెట్టింది. ఐజాక్ ఫొటోకి తాజా పూలదండ ఉంది. నేను రెండు సంగతులు అడిగాను: ఐజాక్ చెయ్యి విరిగిన మాట నిజమేనా, అతని కట్టు ఎలా కట్టాలి.

అవునంది, మాట తిప్పకుండా. చలికాలం వస్తే కుడిచెయ్యి మెలిపెట్టేదట. పోయిన జనవరిలో కూడా పడుకునే ముందు ఆమె చేత పట్టీ కట్టించుకున్నాడట. కట్టు ఎలా తిప్పాలో అతనే నేర్పాడు, విరిగిన వేలి మొదలు వదిలేసి దాని చుట్టూ తిప్పాలి. నా చెయ్యి ముందుకు లాగి వంటింటి టవల్‌తో కట్టి చూపించింది. నా చేతి మీద ఆ కట్టుని నేను గుర్తుపట్టాను. ప్రతి ఆదివారం తమ్ముడి చేతి మీద చూసిందే.

రెండో సాక్షి. మూడో సాక్షి కూడా, తమ్ముణ్ణి లెక్కపెడితే. ఇక రాయొచ్చు. రాస్తానని చెప్పాను.

హదస్సా టవల్ విప్పి మడత పెట్టింది.

"ఆయన సచ్చేదాక చెప్పలే అన్నా. ఎందుకో నేను సుత అడిగిన. నేను ఓడిపోయినోని లెక్క సాకులు చెప్పాల్నా అన్నడు. ఇప్పుడు మీరు రాస్తే మీ తమ్మునికి పేరొస్తది, మా ఆయనకు సాకొస్తది. పేరు సంగతి ఏమంటడో దుర్గేషన్నను అడుగుండ్రి. సాకు మాత్రం ఈ ఇంట్ల ఆయన పెట్టిపోలే."

భయపడ్డాడన్న నింద అలాగే ఉండిపోతుంది గదా అన్నాను.

"ఇన్నేండ్లు మోసిండు. బరువైతే దించేటోడు గదా."

రాయొద్దని మాత్రం అనలేదు. గుమ్మం దాకా వచ్చి, "అన్నం తింటుండా?" అని అడిగింది. లేదన్నాను.

నవంబర్ 20, గురువారం

రాశాను. చదివాను. కొట్టేశాను. నా వృత్తిలో ఇంత గట్టి ఆధారాలున్న వార్త ఎక్కువసార్లు దొరకలేదు.

దుర్గేష్‌ని అడిగాను, ఐజాక్ చెయ్యి సంగతి పేపర్లో వేయనా అని. మూడుసార్లు, వేర్వేరు పూటల్లో అడిగాను, వాడు మాట మారుస్తాడేమోనని. మారుస్తాడని ఆశపడ్డానేమో. మూడుసార్లూ ఒకటే అన్నాడు.

"వద్దన్నడు గదన్నా."

నవంబర్ 22, శనివారం

పేజీ పంపించాను. ఐజాక్ ఆడిన ఆటలు, ప్రత్యర్థుల పేర్లు, వాళ్ళు తర్వాత ఎక్కడ ఏం గెలిచారో దొరికినంతవరకు. రైల్వే కుర్రాళ్ళలో ఇద్దరు జోనల్ చాంపియన్లయ్యారు, అది యోగితకీ తెలీదు. సెలెక్షన్ గురించి ఒక్క వాక్యం: పిలుపొచ్చింది, వెళ్ళలేదు. కారణం రాయలేదు. 1994 ఫైనల్ గురించి ఇలా రాశాను: "ఐజాక్ పాయింట్లపై గెలిచాడు. చివరి గంట ఇద్దరూ నిలబడి విన్నారు. ఆ రోజు అతను అలసిపోయాడని ఇదే పత్రికలో రాశాం. అది పొరపాటు." కింద ఒక లైన్: దుర్గేష్ ఈ రచయిత తమ్ముడు.

యోగిత ఫోన్ చేసింది. "పొరపాటైతే ఒప్పేందో చెప్పలేదు సార్. గొప్పోడా కాదా అది సుత తేల్చలే. పేజీ అంతా చదివి రీడర్ ఏమనుకోవాలె?"

ఎవరితో ఆడాడని అడిగావు గదమ్మా, అందరి పేర్లూ ఇచ్చాను, చదవమను అన్నాను. ఫోన్‌లో కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ జాబితాలో చివరి పేరు, దుర్గేష్ దగ్గర ఆగిందనుకుంటాను. ఇంకేమీ అడగలేదు.

శ్రీలలిత పట్టీలు ఉతికి డాబా మీద ఆరేసింది. దుర్గేష్ వాటి కింద నిలబడి ఆరాయా అని ముట్టుకుని చూస్తున్నాడు. ఇవాళ సగం చపాతీ తిన్నాడు.

సాయంత్రం హదస్సా ఫోన్ చేసింది. దుర్గేష్‌కి పట్టీ తను కడతానంది. అల్వాల్ స్టేషన్‌లో దిగాక ఎటు నడవాలో అడిగింది. గేటు దగ్గర ఎట్ల పిలవాలన్నా అంది. గడియ మూడుసార్లు కొట్టమన్నాను. కట్టు విప్పాక దుర్గేష్ ఒక ప్రశ్న అడుగుతాడని చెప్పాను. తెలుసంది. ఖననం రోజు విన్నదట.

ఏం చెప్తావమ్మా అని అడిగాను.

"తగ్గిందనే చెప్త. ఆయన అన్నప్పుడు అది అబద్ధం అన్నా. ఇప్పుడు కాదు."

రేపు ఆదివారం. చర్చి పదింటికి అయిపోతుంది. పదకొండుకి వస్తానంది.